ఇంటి నెట్ పక్కనే సాధన: మైక్రోటిక్ హెక్స్ రౌటర్

నెట్‌వర్కింగ్ పరీక్షకు ఇంట్లోనే సాధన చేద్దామని నేను మొదట చేసిన పని, అటక మీది పాత వైఫై రౌటర్‌ను దించి, దాని ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) పోర్టును ఫైబర్ కనెక్షన్ వాళ్ళు బిగించిన డబ్బా ల్యాన్ పోర్టుకు కలపడం. ఒకే నెట్‌వర్క్‌లో రెండు డీహెచ్‌సీపీ సర్వర్లు, అంటే పరికరాలకు నెట్ చిరునామాలు ఇచ్చేవి, చిరునామాలు పంచడం మొదలుపెట్టాయి. ఏది ముందు పలికితే ఫోన్లు, టీవీ దాని మాటే విన్నాయి. పాత రౌటర్‌కు బయటి దారి లేదు కనుక నాన్నగారి సీరియల్ మధ్యలోనే ఆగిపోయింది. ఆయన కనెక్షన్ వాళ్ళకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించేదాకా తప్పు నాదని నాకు తట్టనే లేదు.

ఆ తరువాత కొన్నదే లాత్వియా దేశపు మైక్రోటిక్ సంస్థ చేసిన హెక్స్, మోడల్ ఆర్‌బీ750జీఆర్3. అరచేతిలో ఇమిడే ఈ పెట్టెలో 5 గిగాబిట్ పోర్టులు, 880 మెగాహెర్ట్జ్ డ్యుయల్ కోర్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్ ఉన్నాయి. ఫ్యాక్టరీ అమరికలో మొదటి పోర్టు బయటి వైపుకు, మిగిలిన నాలుగూ 192.168.88.0/24 అనే చిరునామాల వరుస గల సొంత నెట్‌వర్క్‌కు చెందుతాయి. ఇంటి డబ్బా నుంచి వచ్చే కేబుల్‌ను మొదటి పోర్టులో పెడితే చాలు, ఈ రౌటర్ వెనక నేను సాధన చేసే ల్యాబ్‌లోని డీహెచ్‌సీపీ గోడ దాటి ఇంట్లోకి రాదు.

అయితే ఆ గోడ ఒకవైపే. ల్యాబ్‌లోని యంత్రం న్యాట్ (లోపలి చిరునామాను రౌటర్ తన బయటి చిరునామాగా మార్చి పంపే పద్ధతి) గుండా ఇంటి 192.168.1.0/24లోని ప్రింటర్‌నూ కంప్యూటర్లనూ నిక్షేపంగా చేరుకోగలదు. దీన్ని ఆపడానికి ఫార్వర్డ్ చెయిన్‌లో, అంటే రౌటర్ గుండా దాటిపోయే ప్యాకెట్లకు వర్తించే నియమాల జాబితాలో, ఆ గమ్యానికి వెళ్ళే ప్యాకెట్లను పడేయమని ఒక నియమం రాశాను. ఇంటి డబ్బా కూడా ఆ చిరునామాల్లోనే ఉంది కదా, ఇంటర్నెట్ ఆగిపోదా అని చాలామంది సందేహిస్తారు. ఆగదు: ప్యాకెట్ ఆ డబ్బా మీదుగా వెళ్తుందే గాని దాని మీద రాసిన గమ్యం వేరు.

వీలాన్‌ల (ఒకే తీగల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌ల) దగ్గర మాత్రం ఈ రౌటర్ నన్ను ఏడిపించింది అనడం కంటే నేనే తొందరపడ్డాను అనడం న్యాయం. పోర్టులను ఒకే నెట్‌వర్క్‌గా కలిపే బ్రిడ్జ్ మీద వీలాన్ ఫిల్టరింగ్ టిక్ పెట్టగానే, రౌటర్‌ను అమర్చే ప్రోగ్రాము విన్‌బాక్స్ తెర బిగుసుకుపోయింది, ఎందుకంటే నా ల్యాప్‌టాప్ ఉన్న పోర్టును ఏ వీలాన్‌లోనూ సరిగా చేర్చలేదు. ముందుగా సేఫ్ మోడ్ నొక్కి ఉంచినందున, సంబంధం తెగిపోయిందని గ్రహించగానే అది ఆ మార్పులను తానే వెనక్కి తీసుకుంది. ఈ ఒక్క సౌకర్యానికే నేను దీనికి సగం మార్కులు వేస్తాను. అప్పటినుంచి ఐదో పోర్టును బ్రిడ్జ్ నుంచి తప్పించి, విడిగా ఒక చిరునామా ఇచ్చి, నా దొడ్డిదారిగా ఉంచుకున్నాను.

వైఫై కావలసినవారికి ఇది పనికిరాదు, ఇందులో అది లేనే లేదు. స్టోరేజీ 16 ఎంబీ మాత్రమే. కంటైనర్లు (విడివిడి పొట్లాల్లా నడిచే ప్రోగ్రాములు) నడపాలనుకుంటే వేరే మోడల్ చూసుకోవాలి. మెనూలు కూడా విషయం కొంత తెలిసినవారి కోసమే రాసినట్లుంటాయి, నేర్చుకోవడానికి కొన్న నాకు అది లోపంగా తోచలేదు.

బయటి ఊరి నుంచి ల్యాబ్‌లోకి రావాలనుకునేవారు కొనేముందే ఇంటి డబ్బా స్టేటస్ పేజీలో వ్యాన్ (బయటి వైపు) చిరునామా చూసుకోవాలి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే, కనెక్షన్ ఇచ్చే సంస్థ దగ్గర మరో న్యాట్ ఉన్నట్లే. అప్పుడు ఏ రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపును లోపలి యంత్రానికి పంపే నియమం) రాసినా బయటి పిలుపు ఇంటిదాకా రాదు.