దుబాయ్ నుంచి న్యూయార్క్: నర్సు కంటికి కనిపించిన ఫస్ట్ క్లాస్

ఎమిరేట్స్ వాళ్ల రెండంతస్తుల పెద్ద విమానం ఏ380లో, ఫస్ట్ క్లాస్‌లో వెళ్లామని తెలియగానే అందరూ ముందు అడిగేది ఒకటే. "ఆకాశంలో స్నానం చేశారటగా, నిజమేనా?" నిజమే, చేశాం. దాని సంగతీ చెబుతాను. కానీ నాకు అంతకంటే ఎక్కువగా గుర్తుండిపోయింది ఆ విమానంలో మమ్మల్ని చూసుకున్న ఇద్దరమ్మాయిల పనితనం. నా ఉద్యోగమంతా విశాఖపట్నంలో వార్డుల్లోనే గడిచింది. హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఎవరైనా ఒకరికి సేవ చేస్తుంటే నా చూపు ముందు వాళ్ల చేతుల మీదకే పోతుంది.

టికెట్లు మా అబ్బాయి తీశాడు. ఆఫీసు పని మీద విమానాల్లో తిరిగి తిరిగి కూడబెట్టిన మైళ్లన్నీ (విమానం కంపెనీ ఇచ్చే పాయింట్లు) మా కోసం వాడేశాడు. డబ్బు పెట్టి కొనాలంటే లక్షల్లో మాట, పింఛను మీద బతికేవాళ్లం అటువైపు చూడలేం. మా ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది, షుగరుకి ఇన్సులిన్ మీద ఉన్నారు. నాన్న అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోలేరని వాడు పట్టుబట్టాడు. మా ఎంవీపీ కాలనీలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు బోలెడు. వాళ్లలో చాలామంది పెద్దవాళ్లు ఈ భయంతోనే ప్రయాణం వాయిదా వేసుకుంటున్నారు. రైతుబజారులో కనిపించినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ఎమిరేట్స్ విమానం మన ఊరికి రాదు. హైదరాబాద్ వెళ్లి ఎక్కాలి. విశాఖ నుంచి హైదరాబాద్ దాకా వెళ్లిన దేశీయ విమానం గురించి ఒక్క మాటతో సరిపెడతాను: ముందే చెప్పిపెట్టుకున్న వీల్‌చెయిర్, అందరూ దిగి వెళ్లిపోయాక కూడా రాలేదు. ఇలాంటివి మనకి అలవాటైపోయాయి, అవ్వకూడదు.

దుబాయ్‌లో విమానం మారాం. అక్కడి ఎయిర్‌పోర్టులో కాంకోర్స్ ఏ అనే భాగాన్ని ఏ380ల కోసమే కట్టి 2013లో తెరిచారు. అక్కడ ఫస్ట్ క్లాస్ లాంజ్‌కి ఒక అంతస్తు మొత్తం ఇచ్చేశారు. ఆ లాంజ్ నుంచే విమానం పై అంతస్తులోకి నేరుగా నడిచి వెళ్లిపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అక్కడున్న మిగతా వైభోగాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క సదుపాయం ఒక ఎత్తు.

ఫస్ట్ క్లాస్‌లో మొత్తం 14 సీట్లే. ఒక్కొక్కటీ తలుపున్న చిన్న గది. మేం మధ్యలో జంటగా ఉండే రెండు తీసుకున్నాం. మధ్యనున్న అడ్డు కిందికి దించేస్తే ఆయన నా చేతికి అందేంత దగ్గర్లో ఉంటారు. ఎక్కగానే అరబ్బీ కాఫీ, ఖర్జూరాలు తెచ్చారు. ఆయనకి షుగరని నేను చెప్పాను. పళ్లెం పట్టుకున్న అమ్మాయి "సారీ" అని హడావిడి పడలేదు, ఖర్జూరాలు నా వైపు జరిపి కాఫీ మాత్రం ఆయనకిచ్చింది. తర్వాత న్యూయార్క్ దాకా ఎవరూ ఆయన ముందు తీపి వస్తువు పెట్టలేదు. భోజనం చివర్లో అందరికీ స్వీట్లు వస్తుంటే ఆయనకి కోసిన పండ్లు వచ్చాయి.

ఆ రోజు శనివారం. మా ఇంట్లో శనివారం నీసు ముట్టరు. ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. టికెట్ తీసేటప్పుడు "హిందూ మీల్" అని పెట్టుకుంటే అది శాకాహారమని గ్యారంటీ లేదు, అందులో మాంసమో చేపో రావచ్చు. శాకాహారం కావాలంటే "ఏషియన్ వెజిటేరియన్" అనే పెట్టుకోవాలి, అదీ కనీసం ఒక రోజు ముందు. మేం అలాగే పెట్టుకున్నాం. చుట్టుపక్కల కేవియర్ (చేప గుడ్లు) తిరుగుతున్నా మా దగ్గరికి ఒక్కసారి కూడా తేలేదు. పడమటికి వెళ్లే ప్రయాణం కాబట్టి శనివారం సాగుతూనే ఉంటుంది. మన గడియారంలో అర్ధరాత్రయ్యేసరికి న్యూయార్క్‌లో ఇంకా శనివారం మధ్యాహ్నమే. దిగేదాకా శనివారమేనని ఆయన లెక్క, ఆ లెక్కకి సరిపడా తిండి దొరికింది. పప్పు కాస్త చప్పగా తోచింది కానీ అది వండినవాళ్ల తప్పు కాదు. విమానంలో గాలి పొడిగా ఉంటుంది, ఒత్తిడి కూడా ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. అక్కడ నాలుకకి ఉప్పూ తీపీ సరిగా తెలియవు.

ఇక స్నానం. ఆయన జీవితంలో స్నానం చెయ్యకుండా ముద్ద నోట్లో పెట్టింది లేదు. ఆపరేషన్ అయిన మర్నాడు కూడా ఒళ్లు తుడిపించుకున్నాకే ఇడ్లీ తిన్నారు. ఆ మాట అమ్మాయికి చెప్పాను. అందరిలా దిగబోయే ముందు కాకుండా, మొదటి భోజనానికి ముందే ఆయన పేరు రాసుకుంది. పై అంతస్తు ముందు భాగంలో రెండు స్నానాల గదులున్నాయి. ఒక్కొక్కరికి అరగంట సమయం ఇస్తారు, నీళ్లు మాత్రం 5 నిమిషాలే. ఎంత మిగిలిందో గోడ మీద దీపం రంగు మారుతూ చెబుతుంటుంది. సబ్బు రుద్దుకునేటప్పుడు కట్టేసుకుంటే నీళ్లు మిగుల్తాయి. నేను ఆయనకి ముందే చెప్పి పంపాను, తలుపు బయటే నిలబడ్డాను. లోపల పొడి తువ్వాళ్లు, మడతపెట్టిన బట్టలు అన్నీ చేతికందే ఎత్తులో పెట్టి ఉన్నాయి. మోకాలు వంగని మనిషికి నేల మీద వస్తువు పెడితే లేనట్టే లెక్క.

ఇప్పుడు అసలు సంగతి. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి విమానంలో పెద్ద గండం ఒకటుంది. ట్రాలీ వస్తోంది కదా అని సూది వేసేసుకుంటారు. అంతలో కుదుపులు మొదలై సిబ్బంది కూర్చుండిపోతారు, ట్రాలీ ఆగిపోతుంది, ఇక్కడ ఈయన షుగరు పడిపోతుంటుంది. ఫస్ట్ క్లాస్‌లో ఎప్పుడడిగితే అప్పుడు వడ్డిస్తారు కాబట్టి ఆ బాధ తక్కువ. అయినా ఆ అమ్మాయి, కేరళ పిల్ల, నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని అడిగింది: "మేడమ్, సూది వేశాక ఎన్ని నిమిషాల్లో ప్లేటు ఆయన ముందుండాలి?" ఈ ప్రశ్న వేయడం కొత్తగా వచ్చిన నర్సులకి నేర్పడానికి నాకు నెలలు పట్టేది. నేను చెప్పాను. "అయితే నేను ప్లేటు సిద్ధం చేసి వచ్చి చెబుతాను, అప్పుడు వెయ్యండి" అంది. అన్నట్టే చేసింది. ప్లేటు లోపల తయారైందని కళ్లతో సైగ చేశాకే నేను సూది తీశాను.

మా దగ్గర వాడని ఇన్సులిన్ కూడా చల్లగా ఉంచాల్సినంత ఉంది. దాన్ని లగేజీలో వెయ్యకూడదు, కింద గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకడితే మందు పాడైపోతుంది. ఐస్ అడిగాను. చిన్న బకెట్లో తెచ్చింది. మందు ఐస్‌కి తగలకూడదని చెప్పేలోపే బట్ట రుమాలు నాలుగు మడతలు వేసి మధ్యలో పరిచింది, సీసాల డబ్బా దాని మీద నిలబెట్టింది, మూత మీద ఇంకో రుమాలు కప్పింది.

కొన్ని గంటలయ్యాక ఆ పిల్ల విశ్రాంతికి వెళ్లింది. దూర ప్రయాణాల్లో సిబ్బంది వంతులవారీగా పడుకుంటారు. నాకు గుబులు అక్కడే మొదలైంది. వార్డులో పొరపాట్లన్నీ డ్యూటీ మారే వేళలోనే జరుగుతాయి. ఒకరికి తెలిసింది రెండోవాళ్లకి చేరదు, మధ్యలో రోగి నలిగిపోతాడు. రెండో అమ్మాయి కెన్యా అమ్మాయి. నేను నోరు తెరవకముందే వచ్చి చెప్పింది: సార్ గారికి రెండో భోజనం ఎప్పుడో, ప్లేటు సిద్ధమయ్యాకే సూది అనీ, తీపి వద్దనీ, ఎడమ మోకాలనీ. చెప్పి, కరిగిన ఐస్ పారబోసి కొత్తది పోసింది. రుమాలు తీసి మళ్లీ మడిచింది, అదే నాలుగు మడతలు. నా చెయ్యి నా పర్సులోని చాక్లెట్ల మీదకి పోయింది, ఆ అమ్మాయి చేతిలో రెండు పెట్టాను. ఇంకేం ఇవ్వాలో తెలియలేదు.

ఆయన స్నానానికి వెళ్లొచ్చేసరికి పక్క కూడా వేసి ఉంది. పరుపు మీద చెయ్యి వేసి చూశాను, అలవాటు కదా. ఎక్కడా ముడత లేదు. మంచాన పడ్డవాళ్లకి దుప్పటి ముడతే పుండవుతుంది. ఒక విమానం పరుపుకి అంత శ్రద్ధ అవసరం లేదనుకోవచ్చు, కానీ చేసేవాళ్లు చేశారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఆయన్ని అప్పుడప్పుడూ లేపి నడిపించాను. పై అంతస్తు వెనకాల బార్ ఉంది. అక్కడి దాకా బిజినెస్ క్లాస్ మీదుగా వెళ్లి రావడం మా వాకింగు. ఆర్కే బీచ్‌లో నడిచినట్టే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు, వెనకాల కొంచెం దూరంలో ఆ కెన్యా అమ్మాయి, పట్టుకోకుండా, పడితే అందేంత దగ్గరలో.

దిగాక ఇద్దరి పేర్లూ రాసి ఎమిరేట్స్‌కి ఉత్తరం పెట్టాను. ఏం చేశారో వరస తప్పకుండా రాశాను, "చాలా బాగా చూసుకున్నారు" అని ఒక్క ముక్కతో వదిలేస్తే పైవాళ్లకి ఏం అర్థమవుతుంది?

వెళ్లేవాళ్లు ఈ సంగతులు చూసుకోండి. సూది వేళలు, డోసులు బయల్దేరకముందే డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. రోజు సాగిపోతుంది కాబట్టి మన ఇంటి వేళలు పనికిరావు. మందుల చీటీ, సూదులకి డాక్టరు ఉత్తరం చేతిసంచీలోనే ఉండాలి. జంటగా వెళ్తే మధ్య సీట్లే తీసుకోండి. స్నానం వేళ మాత్రం ఎక్కి కూర్చోగానే చెప్పుకోండి. న్యూయార్క్ దగ్గరపడ్డాక అందరూ ఒక్కసారే అడుగుతారు, అప్పుడు ఖాళీ దొరకడం కష్టం.