వాయిదాల మీద ఇల్లు అమ్మాను: విజయనగరంలో నేను వెళ్లిన లాయరు గారి గురించి

నాన్నగారి ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడాది దాటినా సరైన బేరం రాలేదు. చివరికి వచ్చినాయనకి గంటస్తంభం దగ్గర కొట్టుంది, మనిషి మంచోడే, కానీ ఐటీ రిటర్నులు లేకపోవడంతో బ్యాంకు లోను ఇవ్వలేదు. ధర 36 లక్షలు. పది ఇప్పుడిచ్చి మిగతాది నెలనెలా వడ్డీతో కట్టేస్తాను, నమ్మండి అన్నయ్యా అన్నాడు. బ్రోకరేమో అగ్రిమెంటు రాసుకుని తాళాలిచ్చేయండి, బాకీకి ప్రోనోటు రాయించుకోండి, అంతే అన్నాడు. ఆయనకి కమీషన్ తొందర, నాకు టెన్షన్.

మా బావగారు చెబితే మూడు లాంతర్ల దగ్గరున్న ఈ లాయరు గారి దగ్గరికి వెళ్లాను. పేరు రాయొద్దని ఆయనే అన్నారు కాబట్టి రాయడం లేదు. బ్రోకరు ఇచ్చిన కాగితం చదివి, "తాళాలిచ్చాక ఆయన కట్టడం మానేస్తే ఏటి చేస్తారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పేరు మనదే ఉంటుంది గానీ ఇల్లూ డబ్బూ రెండూ అవతలివాడి దగ్గరే ఉంటాయి, ఖాళీ చేయించాలంటే కోర్టుకే వెళ్లాలి అన్నారు. పోనీ స్వాధీనం ఇస్తున్నట్టు రాసి అగ్రిమెంటే రిజిస్టర్ చేద్దామంటే, దానికీ అమ్మకం లెక్కనే స్టాంపు డ్యూటీ పడుతుందట.

ఆయన చేయించింది ఇదీ. ముందు బేరమాడి చేతికొచ్చే సొమ్ము 16 లక్షలకి పెంచారు. తర్వాత ఇల్లు కొన్నాయన పేరున రిజిస్టర్ చేసి, మిగతా 20 లక్షలకి అదే ఇంటిని అదే రోజు నాకు తనఖా రిజిస్టర్ చేయించారు. ఇప్పుడు ఎవరు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే కాగితం) తీసినా నా బాకీ కనబడుతుంది, నాకు తెలియకుండా ఇంకొకరికి అంటగట్టడం కష్టం. అయితే కట్టకపోతే మనమే వెళ్లి తాళం వేసేయడానికి లేదు, కోర్టు ద్వారా అమ్మించుకోవాలి, అందుకే ముందు వచ్చే సొమ్ము ముఖ్యం అని కూడా దాచకుండా చెప్పారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇంకోటి. దస్తావేజు లేఖరి అలవాటు కొద్దీ "పూర్తి సొమ్ము ముట్టినది" అని టైపు చేసేశాడు. నేనైతే చదవకుండా సంతకం పెట్టేసేవాణ్ణి! 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అమ్మినవాడికి రావాల్సిన బాకీకి ఆ ఇంటి మీద హక్కుంటుందట, కానీ మొత్తం ముట్టిందని మన చేత్తోనే రాసిచ్చేస్తే రేపు ఏ మొహంతో అడుగుతాం? 16 ముట్టింది, 20 రావాలి అని రెండుసార్లు మార్పించారు. అడ్వాన్సు కూడా బ్యాంకు ద్వారానే అన్నారు, ఇంటి అమ్మకంలో 20,000 గానీ ఆపైన గానీ నగదు తీసుకుంటే తీసుకున్నవాడికే అంత మొత్తం పెనాల్టీ పడొచ్చట.

ఇక తిట్లు. బెంచీ మీద రెండేసి గంటలు కూర్చోబెడతారు, ఫోను ఎత్తరు. ఫీజు పదిహేను వేలన్నారు, తర్వాత టైపింగు, జూనియరు అంటూ ఇంకో నాలుగు వేలు, బిల్లు లేదు. అన్నిటికన్నా మండిందేమిటంటే, వాయిదాలు మూడేళ్లకి పైగా వచ్చినా లాభం మీద పన్ను మాత్రం రిజిస్టరైన ఏడాదిలోనే మొత్తానికీ లెక్కేస్తారు, ఆ ముక్క ఆయన చెప్పలేదు. ఆడిటరు చెప్పేదాకా నాకు తెలీదు, వచ్చిన 16లోంచే కట్టాల్సొచ్చింది.

ఏడు వాయిదాలు బాగానే వచ్చాయి. పైడితల్లి పండగ నెలలో ఎనిమిదో చెక్కు బౌన్సయింది. బౌన్సయిందని బ్యాంకు చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లోగా నోటీసు వెళ్లాలని జూనియరే ఫోన్ చేసి రెండు రోజుల్లో రాసి పెట్టాడు. అది పోస్టు చేయకముందే కొట్టాయన డబ్బు వేసేసి, సిరిమాను ప్రసాదం పట్టుకుని ఇంటికొచ్చాడు.

ఐదుకి నాలుగు ఇస్తాను. వెళ్లేవాళ్లు సాయంత్రం ఐదు దాటాక వెళ్లండి, కోర్టు టైములో దొరకరు.