ఒక్క పన్ను జారితే: బ్యాలెన్సర్ షాఫ్ట్ బండితో 42,000 కిలోమీటర్లు

ఈ బండి కొన్నది బ్యాలెన్సర్ షాఫ్ట్ కోసమే, అంటే ఇంజిన్ అదురుని చంపడానికి లోపల తిరిగే బరువు కడ్డీ. సింగిల్ సిలిండర్ బండి గంటసేపు ఆపకుండా నడిపినా వేళ్లు తిమ్మిరెక్కవంటే మాటలు కాదు. మైలేజీ, బ్రేకులు, సీటు గురించి అందరూ రాసేశారు, అవి వదిలేస్తున్నా.

అడిగినవాళ్లందరికీ మొదట్లో "అదురే లేదు" అని చెప్పాను. ఆ మాట కాస్త దిద్దుకోవాలి. 4,500 ఆర్‌పీఎం దాకా లేదు, నిజమే. 5,000 దాటితే ఫుట్‌రెస్టులు సన్నగా జివ్వుమంటాయి, అద్దంలో వెనక బండి లైటు చెదిరిపోతుంది. షాఫ్ట్ తప్పేం లేదు. పిస్టన్ పైకీ కిందికీ కొట్టే ఊపులో దాదాపు సగాన్ని క్రాంక్ (పిస్టన్ ఊపుని తిరుగుడుగా మార్చే ఇరుసు) మీది బరువులు ఆపుతాయి, మిగిలినదాన్ని ఎదురు తిరిగే షాఫ్ట్ చంపుతుంది. కానీ పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వాలుగా ఊగడంతో పిస్టన్ కదలిక పైన ఒకలా, కింద ఒకలా ఉంటుంది. అందులోంచి పుట్టే అదురు క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో వస్తుంది. క్రాంక్ వేగంతోనే తిరిగే షాఫ్ట్‌కి అది అందదు.

అసలు కథ 31,000 దగ్గర. క్లచ్ ప్లేట్లని పట్టుకునే క్లచ్ బాస్కెట్ అరిగింది, దానితో జతగా, క్రాంక్ మీద ఉండి దాన్ని తిప్పే ప్రైమరీ గేరూ మార్చారు. ఈ ఇంజిన్‌లో ప్రైమరీ గేరు వెనకాలే బ్యాలెన్సర్‌ని తిప్పే గేరు ఉంటుంది. బండి బయటికొచ్చాక 3,500 నుంచే హ్యాండిల్ అదరడం మొదలైంది. వర్క్‌షాప్‌లో ఇంజిన్ మౌంట్ బోల్టులు బిగించి పంపేశారు. రవ్వంత తేడా కూడా లేదు.

న్యూట్రల్‌లో నిలబెట్టి రేజ్ చేసినా అదే ఆర్‌పీఎం దగ్గర అదే అదురు. అంటే చెయిన్, టైర్లు, వీల్ బేరింగులు కావు. వాటి అదురైతే బండి వేగాన్ని బట్టి మారాలి, నిలబడిన బండిలో రాకూడదు. ఆయిల్ దించి క్లచ్ కవర్ మళ్లీ విప్పిస్తే దొరికింది: పిస్టన్ పైన ఉన్నప్పుడు క్రాంక్ మీది గేరు, షాఫ్ట్ మీది గేరు, ఈ రెంటి మీదా గుర్తుగా కొట్టిన చుక్కలు ఎదురెదురుగా రావాలి, ఒక పన్ను పక్కకి జారి ఉన్నాయి. 40 పళ్ల గేరులో ఒక పన్నంటే 9 డిగ్రీలు. చూడ్డానికి చిన్నదే, కానీ షాఫ్ట్ రద్దు చేయాల్సిన బలంలో ఇంచుమించు 16 శాతం మిగిలిపోతుంది. పైగా ఆర్‌పీఎం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలు.

కాబట్టి ఎవరు విప్పినా గేరు తీయకముందే చుక్కల మీద తెల్ల పెయింట్ పెట్టించండి. బిగించాక కవర్ మూయకుండా క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పించండి. రెండు గేర్లకూ పళ్లు సమానం కనుక ప్రతి చుట్టుకీ చుక్కలు కలవాల్సిందే. క్రాంక్ నట్టుకి కొత్త లాక్ వాషర్, కవర్‌కి కొత్త గాస్కెట్ వేయించండి. టార్క్ రెంచ్ లేకుండా ఆ నట్టు ముట్టుకోనివ్వకండి.

హ్యాండిల్ చివర బరువులు పెట్టమని చాలామంది చెబుతారు. అవి ఇంజిన్ అదురుని తగ్గించవు, హ్యాండిల్ ఏ ఆర్‌పీఎం దగ్గర అన్నిటికన్నా ఎక్కువ అదురుతుందో దాన్ని కిందికి జరుపుతాయి. నా బండికి అది 5,200 నుంచి 4,600కి దిగి, సరిగ్గా నేను ఎక్కువసేపు నడిపే వేగం మీద కూర్చుంది. తీసేశాను.

ఎక్కువగా 60-80 మధ్యే తిరుగుతాను కాబట్టి ఈ బండితో నాకు పేచీ లేదు. హైవే మీద వంద పైన గంటల తరబడి పోయేవాళ్లు 270 డిగ్రీల క్రాంక్ ఉన్న ట్విన్ (రెండు సిలిండర్ల బండి) ఒకసారి నడిపి చూడండి. ఆ రెట్టింపు వేగపు ఊపుల్ని రెండు పిస్టన్లూ ఒకదానిదొకటి కొట్టేసుకుంటాయి. అయితే వాటిలోనూ సాధారణంగా బ్యాలెన్సర్ ఉంటుంది, విప్పినప్పుడు చుక్కల సంగతి అక్కడా అడగాల్సిందే.