ఓసీటీనా, యాంజియోగ్రామా, ఫీల్డ్ టెస్టా: కంటికి ఏది మేలు?

“ఓసీటీ యాంజియో వచ్చేసింది కదా, ఇంకా చేతికి సూది గుచ్చి రంగు మందు ఎక్కించడం ఎందుకు?” అని ఒకరు అడుగుతారు. “స్కాన్‌లో అంతా కనబడుతుంటే మళ్లీ ఆ బటన్ నొక్కే పరీక్ష దేనికండీ?” అని ఇంకొకరు. కంటి స్కాన్ గదిలో పనిచేస్తాను కాబట్టి ఈ రెండు ప్రశ్నలూ నాకు అలవాటే. ఓసీటీ అంటే కాంతితో కంటి లోపలి పొరలను అడ్డంగా కోసినట్టు చూపే స్కాన్, ఓసీటీ యాంజియో అంటే దాంతోనే రక్తనాళాలను చూడటం. బటన్ నొక్కేది ఫీల్డ్ టెస్టు: వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కితే చుట్టుపక్కల చూపు ఎంతుందో తెలుస్తుంది. కొత్తది వచ్చాక పాతది పోవాలి కదా అన్నది వాళ్ల లెక్క. ఇక్కడ ఆ లెక్క కుదరదు. పైగా రెటీనాకు (కంటి వెనక ఉండే తెరకు) ఒక జవాబు, గ్లకోమాకు (కంటి నుంచి మెదడుకు వెళ్లే ఆప్టిక్ నర్వ్ దెబ్బతినే జబ్బుకు) ఇంకో జవాబు.

ముందు రెటీనా సంగతి. షుగర్ ఉన్నవాళ్ల ఫండస్ ఫొటోలో, అంటే కంటి లోపలి వెనక భాగం ఫొటోలో, రక్తపు చుక్కలు, పసుపు మరకలు బాగానే కనబడతాయి. చూపు కేంద్రమైన మాక్యులాలో నీరు చేరి ఎంత ఉబ్బిందో మాత్రం ఆ ఫొటో కొలిచి చెప్పలేదు. ఓసీటీ చెబుతుంది. 1991లో తొలిసారి ప్రకటించినప్పుడే దాని పదును 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్థాయిలో ఉండేది, ఇప్పటి మెషీన్లలో 5 మైక్రాన్ల దాకా వచ్చింది. చూపు కేంద్రం దగ్గర రెటీనా మందమే పావు మిల్లీమీటరు అనుకుంటే, పొరపొరా విడివిడిగా ఎలా కనబడుతుందో అర్థమవుతుంది. కంటి ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో తర్వాతి డోసు ఎప్పుడన్నది చాలావరకు దీన్ని చూసే తేలుస్తారు. కాబట్టి మొదటి ఓటు ఓసీటీకే.

రంగు మందు ఎక్కించి కంటి రక్తనాళాల ఫొటోలు తీసే యాంజియోగ్రామ్ 1961 నాటి పద్ధతి. అప్పట్లో ఇద్దరు వైద్య విద్యార్థులు దీన్ని రూపొందించారు. చేతి రక్తనాళంలోకి ఎక్కించిన ఫ్లోరెసిన్ అనే ఆ రంగు మందు 10–15 సెకన్లలో కంటికి చేరుతుంది. కొందరికి వికారంగా ఉంటుంది, ఒళ్లు కొన్ని గంటలు పసుపుపచ్చగా మారుతుంది, మూత్రం పసుపు రంగులో వస్తుంది. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు. ఓసీటీ యాంజియోలో ఈ బాధలేవీ లేవు. అది ఒకే చోటును వెంటవెంటనే స్కాన్ చేసి ఏది కదిలిందో చూస్తుంది. కదిలేవి రక్తకణాలు కాబట్టి కదలిక ఉన్నచోట రక్తనాళం గీస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది: నాళం గోడలోంచి ఊరే నీటిలో ఆ కదలిక ఉండదు, కాబట్టి లీకేజీ కనబడదు. రక్తం మరీ నెమ్మదిగా పారుతుంటే ఉన్న నాళం కూడా లేనట్టే చూపిస్తుంది. ఎక్కడ లీకవుతోంది అన్నదే డాక్టరు ప్రశ్న అయితే సూది తప్పదు. మాక్యులా కింద కొత్త నాళాలు పుట్టాయా అని పదేపదే చూసుకోవాలంటే సూది అక్కర్లేని ఓసీటీ యాంజియోనే నయం.

వైడ్ ఫీల్డ్ కెమెరాలు ఒక్క ఫొటోలో 200 డిగ్రీల దాకా పడతాయి, రెటీనా అంచుల్లో జబ్బు ఉన్నవాళ్లకు మంచివి. స్వెప్ట్ సోర్స్ అనే రకం ఓసీటీ ఇంకాస్త లోతుకు, రెటీనా కింది పొర దాకా చూస్తుంది. ఫండస్ ఫొటో చూసి తనంతట తానే ఫలితం చెప్పే ఏఐ పరికరానికి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది వెతికేది షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బునే. అందులో ‘బాగుంది’ అని వస్తే గ్లకోమా లేదని కాదు.

గ్లకోమా దగ్గరికొస్తే అసలు టెన్షన్ అంతా ఆ రంగుల రిపోర్టుతోనే. ఆప్టిక్ నర్వ్ చుట్టూ ఉండే నరాల పొర మందాన్ని మీ వయసు మామూలు మనుషులతో పోల్చి పచ్చ, పసుపు, ఎరుపు వేస్తుంది మెషీన్. ఎరుపంటే అంత పలచగా ఉండేవాళ్లు ఆ మామూలు మనుషుల్లో నూటికి ఒక్కరు కూడా ఉండరని. అది జబ్బు పేరు కాదు. ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్లలో నరాల దారి కాస్త పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి జబ్బు లేకున్నా ఎరుపు పడుతుంది. పచ్చగా ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోవడం కూడా అంతే పొరపాటు.

రంగు కన్నా ముందు నేను చూసేది సిగ్నల్ స్ట్రెంత్, అంటే స్కాన్ ఎంత స్పష్టంగా వచ్చిందో మెషీన్ ఇచ్చే మార్కు. చాలా వాడుకలో ఉన్న ఒక మెషీన్‌లో పదికి 6 కన్నా తక్కువ వస్తే ఆ స్కాన్‌ను నమ్మకూడదు. కన్ను పొడిబారినా, శుక్లం ఉన్నా సిగ్నల్ పడిపోతుంది, దాంతోపాటు మందం కూడా తక్కువగా చూపిస్తుంది. పొడిబారడమే కారణమైతే, కన్నీటి చుక్క ఒకటి వేసి, రెండుసార్లు రెప్పలు ఆర్పించి మళ్లీ తీస్తే అదే కంటికి అంకె పెరగడం స్క్రీన్ మీదే కనబడుతుంది. నాలుగైదు మైక్రాన్ల తేడా కొలతలోనే రావచ్చు. అందుకే పోయినసారి కన్నా రెండు మైక్రాన్లు తగ్గిందని కంగారు పడొద్దు, వరసగా మూడు నాలుగు స్కాన్లలో తగ్గుతూ వస్తే పట్టించుకోవాలి.

నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదే: పాత స్కాన్‌తో పోల్చడానికి కుదురుతుందా? కంపెనీ మారితే పొర అంచు గీసే పద్ధతి మారుతుంది, అంకె మారుతుంది. నిరుటిది ఒక మెషీన్‌ది, ఈసారిది ఇంకోదానిది అయితే రెండూ మేలైనవే అయినా పక్కపక్కన పెట్టలేం. ఏటా అదే పాత మెషీన్ మీద తీసిన స్కాన్లు, ఒక్కసారి తీసిన సరికొత్త స్కాన్ కన్నా ఎక్కువ చెబుతాయి.

మరి ఆ బటన్ పరీక్ష? అందరికీ విసుగే. చుక్క కనబడిందా లేదా అనే అనుమానంతోనే సగం ఓపిక అయిపోతుంది. మొదటి రోజు ఫలితం చాలామందికి సరిగా రాదు, కాబట్టి ఒక్క టెస్టుతో తేల్చరు. ఫీల్డ్‌లో లోపం తేలే సరికే నరకణాల్లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పోయి ఉండవచ్చు కాబట్టి మొదట్లో ఓసీటీదే పైచేయి. జబ్బు ముదిరాక మాత్రం తిరగబడుతుంది. పొర 50 మైక్రాన్ల దగ్గరికి వచ్చాక ఇక తగ్గదు, ఎందుకంటే మిగిలింది నరాలు కాదు, వాటిని పట్టి ఉంచే కణజాలం, రక్తనాళాలు. అప్పుడు ఓసీటీలో ఏ మార్పూ లేకుండానే చూపు తగ్గుతూ పోతుంది, ఆ సంగతి చెప్పేది ఫీల్డ్ టెస్టే. ఆ దశలో ఉన్నవాళ్లు దాన్ని మానేస్తానంటే నేను ఒప్పుకోను.

ఆసుపత్రి మారాల్సి వస్తే ప్రింటు కాగితాలతో సరిపెట్టుకోకండి, స్కాన్ ఫైళ్లు అడిగి తీసుకోండి. మెషీన్ కూడా మారుతుంటే, కుదిరితే దగ్గర దగ్గరి రోజుల్లో రెండింటి మీదా ఒక్కో స్కాన్ తీయించండి. అక్కడి నుంచి పోలిక కొత్త మెషీన్ స్కాన్లతో మొదలవుతుంది.