నా ఫోనులో ఉన్న ఎర్ర గీత మేస్త్రీ ఫోనులో లేదు

పీడీఎఫ్ మీద దిద్దుబాట్లు రాసే ఈ సాఫ్ట్‌వేర్ కొన్న కొత్తలో, ప్లాన్లు గీసే నా తోటివాళ్లలో దీని సంగతి నా నోట వినని వాడు లేడు. నాలుగేళ్లయింది. ఇప్పటికీ రోజూ తెరుస్తున్నాను కానీ పొగడటం తగ్గించాను. పేరు చెప్పను. చెప్పబోయే తలనొప్పి దీనొక్కదానిదే కాదు, ఈ జాతి మొత్తానిది.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో నాదొక గది, అందులో ఒక కంప్యూటర్, నేనొక్కణ్ని. ఇళ్ల ప్లాన్లు క్యాడ్‌లో, అంటే కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీసి, పీడీఎఫ్ చేసి ఇంటివాళ్లకు పంపుతాను. పూజగది ఈశాన్యానికి జరపండి, పొయ్యిగట్టు తూర్పుకు తిప్పండి, మెట్లు ఇటు కాదు అటు అంటారు. ఇవన్నీ ఇదివరకు ప్రింటు మీద ఎర్ర పెన్నుతో రాసుకునేవాణ్ని. వారం తిరిగేసరికి ఆ కాగితం మీద టీ గ్లాసు మచ్చ, ఎవరిదో ఫోను నంబరు, మూడు రంగుల సిరా చేరేవి. ఏది పాత మార్పో ఏది కొత్తదో నాకే తెలిసేది కాదు.

ఇప్పుడు అదే పని తెర మీద. మారిన చోటు చుట్టూ మబ్బులాంటి ఎర్ర గీత, పక్కన ఒక మాట, తేదీ దానంతట అదే పడుతుంది. పూర్తయినదానికి టిక్కు పెట్టేస్తే మిగిలినవి జాబితాలో కనిపిస్తాయి. ఆరు నెలల తర్వాత వచ్చి "ఈ కిటికీ నేను పెట్టమనలేదే" అన్న ఒక పెద్దాయనకు, ఆయన చెప్పిన రోజు, నేను రాసుకున్న మాట రెండూ చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "సరే, ఉండనీయండి" అన్నారు. పెట్టిన డబ్బు ఆ రోజే వచ్చేసిందనుకున్నాను.

తెలుగులో రాసుకోవడం ఇంకో సుఖం. క్యాడ్‌లో పాత గీతల ఫాంటు పెట్టి "వంటగది" అని కొడితే ప్రశ్నార్థకాలు వరసగా నిలబడతాయి. అందుకే తెలుగు మాటలన్నీ ఇక్కడే రాయడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటే కొంప ముంచింది.

నెల్లిమర్ల వైపు ఒక ఊళ్లో నూట యాభై గజాల స్థలం, తూర్పు ముఖం ఇల్లు. ప్లాను ఖాయమయ్యాక ఇంటాయన ఫోను చేసి, మెట్ల కింద స్నానాలగది ఇరుకవుతుంది, ఆ గోడను అడుగున్నర పడమరకు జరపమన్నారు. గోడతో పాటు రెండు స్తంభాలూ జరగాలి. క్యాడ్ ఫైలు తర్వాత సరిచేద్దాంలే అనుకుని, పీడీఎఫ్ మీద ఎర్ర మబ్బు గీసి, బాణం పెట్టి, "ఈ గోడ, రెండు స్తంభాలు అడుగున్నర పడమరకు" అని రాసి మేస్త్రీకి వాట్సాప్‌లో పంపాను. "అందింది బాబూ" అన్నాడు.

శనివారం వెళ్లాను. గోతులు తవ్వేశారు. ఎర్ర గ్రావెల్ నేల, అయిదడుగుల లోతు, అంచులు కత్తితో కోసినట్టున్నాయి. టేపు పట్టి చూస్తే ఆ రెండు స్తంభాల గోతులూ పాత చోటే. నాకు కోపం వచ్చింది. "మేస్త్రీ గారూ, ఎర్ర గీత గీసి మరీ పంపాను కదా!" అన్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా తన ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. ప్లాను ఉంది, కొలతలున్నాయి, నా పేరూ ఉంది. ఎర్రది ఒక్క గీత లేదు. నా ఫోనులో అదే ఫైలు తెరిచి పక్కన పెట్టాను. ఇందులో మబ్బు, బాణం, తెలుగు అక్షరాలు అన్నీ ఉన్నాయి. ఎండలో రెండు ఫోన్లకూ చెయ్యి అడ్డం పెట్టుకుని అయిదు నిమిషాలు చూశాం. "ఎర్ర గీత ఎక్కడుంది బాబూ?" అని మేస్త్రీ అడిగాడు.

కారణం ఇంటికొచ్చాక తెలిసింది. పీడీఎఫ్‌లో ప్లాను పేజీలో భాగం. తర్వాత మనం పెట్టే దిద్దుబాటు పేజీలో భాగం కాదు. ప్లాను మీద ట్రేసింగ్ కాగితం పరిచి గీసినట్టు, అదే ఫైలులో వేరుగా ఉంటుంది. చూపించే యాప్ ఆ ట్రేసింగ్‌ను కూడా గీసి చూపించాలి. చిన్నాచితకా యాప్‌లు కొన్ని ఆ శ్రమ పెట్టుకోవు. మేస్త్రీ ఫోనుతో పాటు వచ్చిన యాప్ ఆ రకందే. దిద్దుబాటును పేజీలో కలిపేసి పంపాలి. మెనూలో ఫ్లాటెన్ అన్న పేరుతో ఆ పని మొదటి రోజునుంచీ ఉంది. అప్పటికి మూడేళ్లయినా దాన్ని ఒక్కసారి నొక్కలేదు.

కాంక్రీటు పడలేదు కాబట్టి బతికిపోయాను. గోతుల్ని ఒక పక్క అడుగున్నర పెంచి, ఇంకో పక్క తర్వాత పూడ్చాల్సి వచ్చింది. ఇద్దరి కూలి నేనే ఇచ్చాను. మేస్త్రీ వద్దన్నాడు, మొహమాటానికి.

కలిపేశాక ఆ గీతను మళ్లీ కదిపే వీలు లేకుండా పోతుంది. అందుకని ప్రతి ఫైలుకూ రెండు ప్రతులు, ఒకటి నాకు, ఒకటి పంపడానికి. పంపాల్సినదానికి బదులు నా ప్రతినే కలిపేసి తలపట్టుకున్న రోజూ ఒకటుంది.

ఇదే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కొలిచే సాధనం గురించి మొదట్లో "టేపు పట్టినంత కచ్చితం" అని చెప్పిన మాట కూడా వెనక్కి తీసుకోవాలి. ఏ1 కాగితానికి 1:100లో, అంటే నేల మీది వంద అంగుళాలను ఒక అంగుళంగా గీసినది, పొడవు వెడల్పుల్లో సగముండే ఏ3కి కుదిస్తే 1:200 అవుతుంది. అలా కుదించిన ప్లాను ఒకరు పంపితే, ప్లాను మీది వివరాల పట్టికలో రాసి ఉన్న 1:100 నమ్మి కొలిచాను. తొమ్మిది అంగుళాల గోడ నాలుగున్నర అని చూపించింది. నాలుగున్నర గోడ కూడా లోకంలో ఉన్నదే కదా, అనుమానం రాలేదు! గది మొత్తం కొలిచాక అది అగ్గిపెట్టె అంత తేలడంతో మెలకువ వచ్చింది. ఇప్పుడు తలుపు వెడల్పో, రాసి ఉన్న ఏదో ఒక కొలతో పట్టుకుని స్కేలు సరిచేశాకే ముందుకు వెళుతున్నాను.

పీడీఎఫ్ నుంచి గీతల్ని తిరిగి క్యాడ్‌లోకి తెచ్చుకునే వీలు ఆటోక్యాడ్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో 2017 వెర్షన్ నుంచి ఉంది. క్యాడ్ నుంచి తీసిన పీడీఎఫ్‌కు పనికొస్తుంది. స్కాన్ చేసినదైతే బొమ్మగానే వస్తుంది, దాని మీద మళ్లీ మనమే గీసుకోవలసిందే.

శ్రీకాకుళంలో ఉన్న మా బావమరిది కొనమంటారా అని అడిగాడు. అతని ఆఫీసులో పదిమందీ ఒకే సాఫ్ట్‌వేర్ వాడతారు, గీత ఎవరి తెర మీదైనా కనిపిస్తుంది, కొనుక్కోమన్నాను. నాలా ఒక్కడే పనిచేస్తూ, మేస్త్రీల ఫోన్లకు పంపేవాడికైతే ఏడాది చందా కట్టేముందు ఆలోచించుకోమంటాను. నేను కడుతూనే ఉన్నాను. నెల్లిమర్ల మేస్త్రీకి మాత్రం మార్పు ఉన్న ప్రతిసారీ క్యాడ్‌లోనే సరిచేసి, ఏ3 ప్రింటు తీసి బస్సులో తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపుతున్నాను.