బ్రేక్ పెడల్ బిగుసుకుంటే బూస్టర్ మీద పడకండి: పాత డీజిల్ పికప్‌తో 9 ఏళ్లు

ఈ బండి బ్రేకుల గురించి మొదట్లో ఎవరడిగినా ఒకటే మాట చెప్పేవాణ్ణి: కళ్లు మూసుకుని కొనుక్కోండని. 12 క్వింటాళ్ల కూరగాయలతో అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట చేరేదాకా పెడల్ మీద కాలు ఆనిస్తే చాలేది. బ్రేకులు ఇప్పటికీ బాగానే పడుతున్నాయి. ‘కళ్లు మూసుకుని’ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. అందుకు కారణం మూరెడు రబ్బరు పైపు.

డీజిల్ ఇంజిన్‌లో పెట్రోల్ బండిలా వాక్యూమ్ (గాలి తోడేస్తే వచ్చే లాగుడు) దానంతటది రాదు. ఆల్టర్నేటర్ వెనక ఉన్న చిన్న పంపు లాగితే, ఆ పైపు గుండా బూస్టర్‌కి, అంటే పెడల్ మీద కాలి బలాన్ని పెంచే డబ్బాకి, చేరుతుంది. ఏడో ఏట ఈ బండి పెడల్ గట్టిపడటం మొదలైంది, అదీ రోజంతా కాదు. పొద్దున్న బండి తీసినప్పుడు మామూలుగానే ఉండేది. గంట నడిచి ఇంజిన్ బాగా కాగాక, ఘాట్‌లో వెంటవెంటనే మూడు మలుపులు వస్తే మొదటి తొక్కుడు మెత్తగా, రెండోది బరువుగా, మూడోది రాయిలా ఉండేది. పక్కకి తీసి పావుగంట ఆపితే మళ్లీ మామూలే.

గ్యారేజీలో బూస్టర్ పోయిందన్నారు, మార్చారు. తేడా లేదు. ప్యాడ్‌లు రాటుదేలాయన్నారు, అవీ మార్చారు. అప్పుడూ అంతే. రెండుసార్లూ ఒకే పొరపాటు జరిగింది: బండి చల్లారాక, షెడ్డులో నిలబెట్టి చూశారు.

ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కితే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోయి పెడల్ బిగుస్తుంది. కాలు అలాగే అదిమి ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. చల్లటి బండిలో చక్కగా దిగింది. ఘాట్ దిగిన వెంటనే, బానెట్ వేడి తగ్గకముందే అదే చేస్తే దిగింది గానీ, చాలాసేపు పట్టింది. అసలు సంగతి అక్కడే బయటపడింది. టీ జాయింటుతో వాక్యూమ్ గేజ్ పెట్టి ఐడ్లింగ్‌లో చూస్తే పంపు దగ్గర 650 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కలో) వాక్యూమ్, బూస్టర్ దగ్గరా అంతే. ఈ అంకె చూసి పైపు బాగుందనుకుంటే మోసపోయినట్టే. పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి వదిలితే పంపు దగ్గర ముల్లు కదల్లేదు. బూస్టర్ దగ్గర ముల్లు మాత్రం 350కి పడిపోయి, మళ్లీ పైకి రావడానికి 20 సెకన్లు తీసుకుంది. పంపులో బలం ఉంది, దారి ఇరుకైపోయింది.

పైపు పైకి కొత్తదానిలాగే ఉంది. బ్లేడుతో నిలువునా కోస్తే లోపలి పొర ఉల్లిపొరలా ఊడి, నల్లటి జిడ్డుతో మధ్యకి ముడుచుకుని ఉంది. పంపు ఇంజిన్ ఆయిల్‌తోనే తిరుగుతుంది కాబట్టి పైపులోకి ఆయిల్ ఆవిరి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. ఐదో ఏట ఆల్టర్నేటర్ విప్పినప్పుడు అసలు పైపు తెగితే మామూలు నీళ్ల పైపు ముక్క తొడిగారు. ఆ రబ్బరు ఆయిల్‌కి ఉబ్బి, వేడికి మెత్తబడి, లాగుడుకి ముడుచుకుపోయేది. చల్లారితే మళ్లీ విచ్చుకునేది.

ఆయిల్‌కి తట్టుకునే, మందపాటి గోడ ఉన్న వాక్యూమ్ పైపే వేయాలి. లోపలి సైజు పాతదానికి సరిపోవాలి, ఎక్కడా నొక్కుకోకూడదు. అదే చేత్తో చెక్ వాల్వ్ తీసి నోటితో ఊది చూడండి, గాలి ఒకవైపే పోవాలి. బూస్టర్ నోట్లోకి తీగకి గుడ్డ చుట్టి పెట్టి తీయండి. గుడ్డకి ఆయిల్ అంటితే లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) ఉబ్బడం మొదలైనట్టే, అప్పుడు పంపు సంగతి కూడా చూడాలి.

పెడల్ గట్టిపడకుండా కిందికి జారితే దారి వేరు. మొదటి తొక్కుడుకి లోతుగా వెళ్లి రెండోదానికి పైకొస్తే ఎక్కువసార్లు వెనక డ్రమ్ముల్లో షూల గ్యాప్ పెరిగి ఉంటుంది. ఒకే బలంతో నొక్కి ఉంచితే మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ని నెట్టేది) లోపలి రబ్బరు కప్పులు అరిగినట్టు. స్పాంజిలా ఉంటే గాలి చేరి ఉండొచ్చు, పాత హోసులు ఉబ్బుతూ ఉండొచ్చు. హోస్ క్లాంపులతో ముందు రెండూ వెనకదీ బిగించి తొక్కితే పెడల్ పైనే గట్టిగా నిలబడాలి. తర్వాత ఒక్కొక్కటే వదులుతూ పోతే, ఏది వదిలినప్పుడు పెడల్ దిగిందో తప్పు ఆ వైపే. ప్లయర్‌తో మాత్రం నొక్కకండి, హోస్ లోపల చిట్లుతుంది.

లోడు కోసం వెనక కమాన్ పట్టీ ఒకటి ఎక్కువ వేయించినవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. యాక్సిల్ దగ్గర లోడును బట్టి వెనక బ్రేకుల ప్రెషర్ మార్చే వాల్వ్ ఉంటుంది. పట్టీ వేస్తే బండి వెనక భాగం లేచి, నిండు లోడులో కూడా ఆ వాల్వ్ బండి ఖాళీ అనుకుంటుంది. వెనక బ్రేకులు మొక్కుబడిగా పడి, భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది. పట్టీ వేయించిన రోజే ఆ వాల్వ్ రాడ్ మళ్లీ సెట్ చేయించాలి.

డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపి ఘాట్ దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంజిన్‌తో పాటు పంపూ ఆగుతుంది. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకి అయిపోతుంది, ఆ తర్వాత కాలి బలం ఒక్కటే.

కొనొచ్చా అంటే, విజయనగరం మైదానంలో సరుకు దించేవాళ్లకి ఈ బ్రేకులతో ఇబ్బంది రాకపోవచ్చు. వాళ్ల బండిలో ఇంత వేడీ ఉండదు, ఇన్ని తొక్కుళ్లూ ఉండవు. వారానికి నాలుగుసార్లు నిండు లోడుతో ఘాట్ దిగే బండి కాబట్టి నాకు పైపు మీద ఇంత పట్టింపు. ఇప్పుడు రెండేళ్లకోసారి, పాడైనా పాడవకపోయినా, బ్రేక్ ఫ్లూయిడ్‌తో పాటే పైపూ మారుతుంది. మొన్న తీసినదాన్ని కోసి చూస్తే లోపల నున్నగా, పొర ఊడకుండా ఉంది.