ఫినాఫ్తలీనా, మిథైల్ ఆరెంజా?

హనుమకొండలో ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గరపడితే పిల్లలు తరచూ అడిగేది ఇదే: రంగు మారి చర్య పూర్తయిందని చెప్పే ఈ రెండు సూచికల్లో ఏది వాడాలని. ఆక్జాలిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ అంశమాపనానికి (ఒక ద్రావణాన్ని మరోదానికి కొద్దికొద్దిగా కలిపి గాఢత కనుక్కోవడానికి) ఫినాఫ్తలీనే సరి. అది పీహెచ్ (ఆమ్ల, క్షార స్వభావపు కొలమానం) 8.3 నుంచి 10 మధ్య రంగు మారుతుంది. ఆమ్లం, క్షారం సరిపోయే అంతిమ స్థానమూ ఆ దరిదాపుల్లోనే. బ్యూరెట్ (కొలత గీతల గాజు గొట్టం) నుంచి చుక్క పడగానే గులాబీ మెరిసి, కుప్పె తిప్పితే మాయమవుతుంది. అర నిమిషం నిలిచిన లేత గులాబీ దగ్గర ఆపాలి. తర్వాత వెలిసిపోతే కంగారొద్దు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని అది.

సోడియం కార్బొనేట్‌కు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపేటప్పుడు మాత్రం ఫినాఫ్తలీన్ సగం దారిలో, బైకార్బొనేట్ ఏర్పడే దగ్గరే రంగు కోల్పోతుంది. అక్కడ 3.1 నుంచి 4.4 మధ్య మారే మిథైల్ ఆరెంజ్ కావాలి. పసుపు నారింజగా మారడం కంటికి సులువుగా అందదు, నాకైతే విసుగు. కుప్పె కింద తెల్ల కాగితం పెడితే కొంత నయం.